తాళంచెవి టెగ్వెన్

ఎవరు తలుపు తట్టినా టెగ్వెన్ ముందు వాళ్ళ కాళ్ళు చూస్తుంది, తర్వాతే మొహం. కొండలెక్కే అలవాటున్నవాళ్ళ బూట్లకు మూడు రకాల బురద ఉంటుంది. సెలవురోజు పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవాళ్ళవి తడిసిన గుడ్డబూట్లు. బడిపంతుళ్ళు ఏ కాలంలోనైనా అవే తోలుబూట్లతో తిరుగుతారు. ముక్కు దగ్గర లోపల ఇనపరేకు దాచిన బూట్లు మాత్రం ఆఫీసువాళ్ళవి. ముప్పయ్యొక్కేళ్ళుగా ఐథిన్ కోట తాళంచెవి ఆమె వంటింటి మేకుకే వేలాడుతోంది కాబట్టి ఆ మాత్రం శాస్త్రం ఆమెకు తెలుసు.

జూన్ ఒకటో తేదీ, శనివారం, పొద్దున పదకొండు గంటలకు తలుపు తట్టినవాడి కాళ్ళకు ఇనపముక్కు బూట్లున్నాయి.

"కోట చూద్దామని వచ్చామండీ," అన్నాడతను. ముప్పై దాటి ఉండడు. గడ్డం ఒకపక్క సరిగా గీసుకోలేదు. పక్కన భార్య వానకోటు గుండీలు పెట్టుకుంటోంది. ఇద్దరి మధ్యా నాలుగేళ్ళ పిల్ల, ఒక చేతిలో నాన్న వేలు, రెండో చేతిలో సగం కొరికిన రొట్టె.

భార్యనూ బిడ్డనూ కూడా తెచ్చుకున్నాడంటే గట్టివాడే అనుకుంది టెగ్వెన్.

"పుస్తకంలో పేరు రాసి టైం వెయ్యండి. తిరిగొచ్చాక పక్క గడిలో మళ్ళీ టైం వెయ్యాలి. మీ కారు తాళం ఈ మేకుకి తగిలించండి."

"కారు తాళం ఎందుకండీ?"

"కోట తాళం మీ చేతికిస్తే మీది నా దగ్గరుండాలి కదా. మా నాన్న టోపీ పెట్టించుకునేవాడు. ఇప్పుడెవరికీ టోపీల్లేవు."

వెనక బల్ల దగ్గర రేడియోకి చెవి ఆనించి కూర్చున్న ఇడ్వాల్ తల తిప్పకుండానే అందుకున్నాడు. టెగ్వెన్ మొగుడు. ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి, ఇప్పుడు కుర్చీ నడుపుతున్నాడు. "అడిగితే పళ్ళసెట్టు కూడా పెట్టించుకుంటుంది బాబూ. జాగ్రత్తగా ఉండండి."

భార్య నవ్వింది. అతను నవ్వలేదు. పుస్తకం మీదికి వంగి రాశాడు: రిడియన్, హెలెద్, నెస్టా. ఊరు అన్నచోట 'కార్మర్థెన్ దగ్గర' అని రాశాడు. దగ్గర అంటే ఎంత దగ్గర? ఊరి పేరు చెప్పడానికి ఏమొచ్చింది? టెగ్వెన్ ఆ ఒక్క మాట మీదే చూపు నిలిపింది.

"కోటలో ఏముంటుంది?" అంది నెస్టా.

"పైన పెద్ద బురుజులో సన్నటి కిటికీ ఉంటుంది బంగారం. అందులోంచి నువ్వు చెయ్యి ఊపావంటే, ఇక్కడ్నుంచి నేను తువ్వాలు ఊపుతా. నేను ఊపేదాకా నువ్వు కదలకూడదు. అదీ రూలు."

ఆ మాట అన్నది టెగ్వెన్ కాదు, ఆమె అలవాటు. ముప్పయ్యేళ్ళుగా ఈ గడపలో నిలబడ్డ ప్రతి పిల్లకూ, పిల్లాడికీ చెప్పిన మాటే అది. బడి వంటింట్లో ఇరవయ్యారేళ్ళు గరిటె తిప్పినా ఊళ్ళో ఎవరూ ఆమెను వంట టెగ్వెన్ అనలేదు. పాలు పోసే ఐవర్ పాల ఐవర్ అయినట్టు, శవపెట్టెలు చేసే డై పెట్టెల డై అయినట్టు, ఆమె తాళంచెవి టెగ్వెన్. చిన్నప్పుడు ఆ కిటికీలోంచి చెయ్యి ఊపినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి ఊపిస్తున్నారు. ఇవాళ నోరు ఆ మాట అంటూ ఉండగా, కళ్ళు మాత్రం బూట్ల మీదే ఉన్నాయి.

మోచేయంత పొడుగున్న ఇనప తాళంచెవిని రిడియన్ రెండు చేతులతో అందుకున్నాక, ముగ్గురూ సంచి తీసుకోవడానికి, తాళం వెయ్యకుండా వదిలిన కారు దగ్గరికి వెళ్ళారు. టెగ్వెన్ కిటికీలోంచి చూసింది. కారు వెనక సీటు మీద నారింజరంగు చొక్కా మడతపెట్టి ఉంది, రోడ్డు పనివాళ్ళు తొడుక్కునే రకం. అతను తలుపు సందులోంచి సన్నటి టార్చి తీసి జేబులో వేసుకున్నాడు. పట్టపగలు కోట చూడ్డానికొచ్చినవాడికి టార్చి ఎందుకు?

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి దానంతటదే గిన్నెల అలమర మీదికి పోయింది. అక్కడ నీలం పళ్ళెం వెనక ఒక కార్డు ఉంది. నెలకోసారి, ఒకటో తేదీన, కోటలోని పెద్ద బురుజు పగులు ఎంత వెడల్పుందో చూసి ఆ కార్డు మీద రాయాలి. మూడు మిల్లీమీటర్లు దాటితే ఆ రోజే పాత కట్టడాల ఆఫీసుకు ఫోను చెయ్యాలి. కార్డు మీద ఏడాదిన్నరగా ఒకటే అంకె ఉంది: ఒకటిన్నర.

పగులు ఒకటిన్నర దగ్గర లేదు.

దాని కథ పోయిన ఏడాది జనవరిలో మొదలైంది. ఆ నెల, పగులు కొలవడానికి ఆఫీసువాళ్ళు గోడకు అతికించిన బిళ్ళ మీది ఎర్రగీత మూడు దాటింది. టెగ్వెన్ కంగారు పడలేదు. ఆమెకు ముందు తాళం చూసిన తండ్రి, పగులు కదిలితే తెలిసేలా అడ్డంగా గాజుపలక అతికించిన కాలంలోనే చెప్పేవాడు: బురుజు కూడా ఊపిరి తీస్తుందే అమ్మడూ, చలికాలం నోరు తెరుస్తుంది, ఎండ కాసేసరికి మూస్తుంది. గడ్డి కోతల నాటికి ఎలాగూ మూసుకునేదానికి ఇప్పుడు ఆఫీసును పరుగులు పెట్టించడం దేనికని, వేసవిలో ఎంతకు చేరుతుందో ఆ అంకే ముందుగా రాసేసింది. ఒకటిన్నర. వేసవి వచ్చింది. పగులు రెండున్నర దాకా మూసుకుని అక్కడ ఆగింది. దాదాపు మూసుకున్నట్టే కదా అనుకుంది. ఒకసారి తక్కువ రాశాక, తర్వాతి నెల ఉన్నట్టుండి ఎక్కువ రాయడం ఎలా? ఈ చలికాలం నాలుగు దాటింది. మే నెలలో వెళ్ళి చూస్తే నాలుగు. మూసుకోలేదు.

ఆఫీసుకు తెలిస్తే ఏమవుతుందో తెలియనంత అమాయకురాలు కాదు ఆమె. కొండ అవతలి కోట తాళం గ్లెనిస్ దగ్గర ఉండేది. అక్కడ దోసెడు రాళ్ళు రాలాయని ఆఫీసువాళ్ళు వచ్చి తాళంచెవి పట్టుకుపోయి, తలుపుకు అంకెలు తిప్పే తాళం వేశారు. గ్లెనిస్ ఇప్పటికీ ఆదివారం ప్రార్థనకు పోతూ దారిలో ఆగి ఆ అంకెలు తిప్పి చూస్తుందని ఊళ్ళో ఎగతాళి. ఆ గ్లెనిస్సే పోయిన వారం పోస్టాఫీసులో టెగ్వెన్ చెవిలో ఊదింది. "ఈ మధ్య వాళ్ళు చెప్పి రావట్లేదట. మామూలు జనంలా వచ్చి, చూసి, పోతున్నారట. నీ ఇంటికి ఎవరొస్తారో కాస్త కనిపెట్టుకో."

టెగ్వెన్ గిన్నెలు తుడుస్తున్న ఎర్రగళ్ళ తువ్వాలు అలాగే భుజాన వేసుకుని కోటు తగిలించుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు ఇడ్వాల్.

"పైకి. ఆ తలుపు గడియ వాళ్ళకి రాదు."

"ముప్పయ్యేళ్ళుగా అందరికీ వచ్చింది. వీళ్ళకే రాదా?"

"నీ ఆట విను నువ్వు."

"నీ మోకాలు ఏమంటోందో అది కూడా విను," అన్నాడు ఇడ్వాల్, రేడియో గొంతు కొంచెం పెంచుతూ.

ఆమె కొండెక్కేసరికి వాళ్ళు గడియ తీసి లోపలికి వెళ్ళిపోయారు. ముళ్ళపొదలు పసుపు ఆరబోసినట్టు పూసి ఉన్నాయి. తుంపర ఆగింది. బురుజుల పైన బూడిదమెడ కాకులు గోల చేస్తున్నాయి.

ముఖద్వారం దాటి లోపలి ఆవరణలోకి అడుగుపెట్టిన ప్రతివాడూ మొదట లోయకేసి చూస్తాడు. పడిపోయిన తూర్పుగోడ సందులోంచి నది మెలిక, గొర్రెల చుక్కలు, అన్నిటికీ అవతల సన్నటి సముద్రం కనిపిస్తాయి. అమ్మ ఆహా అంటుంది, నాన్న ఫోను తీస్తాడు. ఇన్నేళ్ళలో ఇందుకు తేడా చూడలేదు టెగ్వెన్. ఈ రిడియన్ అనేవాడు లోయకు వీపు పెట్టి నిలబడి, గోడ పైఅంచును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తున్నాడు. తర్వాత బావి మీది ఇనపచట్రం దగ్గరికి పోయి, దాని మీద ముందు ఒక కాలు మోపి, తర్వాత బరువంతా వేసి చూశాడు. మెట్లు గాలిలోకి పోయి ఆగిపోయేచోట అడ్డంగా ఉన్న ఊచను రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

"మీరూ వచ్చారా?" అంది హెలెద్, ఆమెను చూసి సంతోషంగా. పిల్ల వెంట గడ్డిలో తిరుగుతూ, పైకప్పు పోయిన హాల్లో గోడకు వేలాడుతున్న పొయ్యిగూళ్ళను చూపిస్తోంది. "చూడు నెస్టా, మేడమీద పొయ్యి ఉంది, మేడే లేదు. వంటచేసేవాళ్ళు ఎగిరి వెళ్ళేవాళ్ళేమో."

"గడియ బిగుసుకుంటుంది, అందుకని వచ్చా," అంది టెగ్వెన్. "మీ ఆయన అన్నీ పరీక్షగా చూస్తున్నారే."

"ఆయన పద్ధతే అంతండీ. పిక్నిక్‌కి తీసుకొస్తే గాలిని కూడా లైసెన్సు చూపించమంటాడు."

లైసెన్సు. ఆ మాట టెగ్వెన్ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. భార్య నోటివెంట ఊరికే రాదు ఆ మాట. ఇంట్లో రోజూ వినే మాటలే బయట జారుతాయి.

"ఎక్కడ పని చేస్తారు?"

"కార్మర్థెన్ అవతల. ఏదో కొలుస్తూ ఉంటాడు లెండి, పొద్దస్తమానం. చెప్తే మీకు నిద్రొస్తుంది."

కొలుస్తాడు. టెగ్వెన్ ఇంక అడగలేదు. హెలెద్ పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష బిళ్ళలు సంచిలోంచి తీసి ఒకటి చేతిలో పెట్టింది. లంచం తినిపిస్తున్నట్టు అనిపించింది టెగ్వెన్‌కి. కొరికింది, బాగానే ఉంది, కాని మిగతాది కోటు జేబులో వేసుకుంది.

రిడియన్ ఆవరణ అంతా తిరిగి చివరికి పెద్ద బురుజు గుమ్మం దగ్గర ఆగాడు. బిళ్ళ అతికించింది ఆ గుమ్మం పక్కనే, భుజమెత్తున. రెండు చలికాలాలుగా దాని మీదికి పాకుడుతీగ దిగుతోంది. టెగ్వెన్ దాన్ని కొయ్యలేదు. ఒకటిరెండుసార్లు, గాలికి పక్కకు తొలగినప్పుడు, తీగను తనే సర్దింది కూడా.

అతను టార్చి తీశాడు. రెండు వేళ్ళతో తీగను పక్కకు తప్పించాడు.

"ఇదేంటండీ?"

"అదా. ఏదో బిళ్ళ. ఆఫీసువాళ్ళు పెట్టారు."

అతను వంగి చూశాడు. పగులుకు అటూ ఇటూ అంటించిన రెండు పారదర్శకమైన పలకలు ఒకదాని మీద ఒకటి జారేలా ఉంటాయి. కింది దాని మీద గళ్ళు, పై దాని మీద ఎర్రటి కూడిక గుర్తు. "నాలుగు మిల్లీమీటర్లు చూపిస్తోంది. ఇంకా కొంచెం ఎక్కువేనేమో."

"చలికాలం తెరుచుకుంటుంది, ఎండాకాలం మూసుకుంటుంది. మా నాన్న చెప్పేవాడు, బురుజు ఊపిరి తీస్తుందని."

"నిజమేనండీ అది," అన్నాడతను నెమ్మదిగా, పాఠం అప్పజెప్పుకుంటున్నట్టు. "చలికి రాయి ముడుచుకుంటుంది, పగులు వెడల్పవుతుంది. ఎండకి రాయి సాగుతుంది, పగులు సన్నబడుతుంది." కాసేపు గుర్తుకేసి చూశాడు. "కానీ ఇది జూన్ కదా."

టెగ్వెన్ భుజం మీది తువ్వాలు సర్దుకుంది.

"నెలనెలా చూసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఇలాంటివాటికి ఒక కార్డు ఉండాలే."

కార్డన్న మాట ఇతని నోటికెలా వచ్చింది? ఇంకేం మిగిలింది ఇతను బయటపడ్డానికి? "ఉన్నారు," అంది ఆమె. "ఒకరు వచ్చి చూస్తారు."

"ఎవరు?"

"ఆఫీసు తరఫున ఒకరు. నాకు పేరు తెలీదు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇందాక బావి చట్రాన్ని చూసినట్టే, బరువు ఆగుతుందా లేదా అని చూసినట్టు. అబద్ధం చెప్పి నిలబడ్డ మనిషికి ఆ చూపు ఎంత పొడుగ్గా ఉంటుందో టెగ్వెన్‌కి ఆ క్షణం తెలిసింది.

అప్పుడే వెనకనుంచి హెలెద్ అంది: "నెస్టా నీ దగ్గరుందా?"

"నీ దగ్గర కదా ఉంది," అన్నాడు రిడియన్.

ముగ్గురూ ఆగిపోయారు. బురుజు లోపల్నుంచి, రాళ్ళ మధ్య గుండ్రంగా తిరిగి, చిన్న గొంతు వచ్చింది.

"తువ్వాలు రాలేదింకా."

గుమ్మంలోంచి లోపలికి రెండు బారల సన్నటి దారి, దాని చివర మనిషి పట్టేంత గూడు, గూడులో బాణాలు వేసే చీలికకిటికీ. వీళ్ళు బిళ్ళ మీదికి వంగి ఉండగా వెనకనుంచి దూరిపోయిన నెస్టా, గూడు అరుగు మీద మోకాళ్ళు ఆనించి, చీలికలోంచి ఒక చెయ్యి బయటికి చాపి ఊపుతోంది. ఆమె తలకు బారెడు ఎత్తున, గూడు కమాను నడిమధ్య నుంచి పగులు కిందికి దిగుతోంది. లోపల్నుంచి చూస్తే అది నాలుగు మిల్లీమీటర్లు కాదు, వేలు దూరుతుంది. ఆ సందులోంచి చిటికెడు సున్నప్పొడి రాలి పిల్ల టోపీ మీద పడింది.

"నెస్టా, బయటికి రా," అన్నాడు రిడియన్. మామూలుగా అందామనుకున్నాడు కాని గొంతు పీలగా వచ్చింది.

"ఆంటీ తువ్వాలు ఊపేదాకా కదలకూడదు. రూలు."

"రా నాన్నా, బిళ్ళలు తిందాం," అంది హెలెద్.

"కదలకూడదు."

రిడియన్ ఒక అడుగు లోపలికి వేశాడు. టెగ్వెన్ అతని మోచెయ్యి పట్టి ఆపింది.

"మీరాగండి. ఎడమపక్క గోడ తాకకూడదు. ఎక్కడ కాలు పెట్టాలో నాకు తెలుసు." ఇంకో మాట మిగిలి ఉంది. అది కూడా అనకపోతే అతను చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయేలా ఉన్నాడు. "ఆ గోడ బాగోలేదు బాబూ. నాకు తెలుసు. నెలనెలా చూసేది నేనే."

అతను చెయ్యి విదిలించుకోలేదు. ఒక పక్కకు తప్పుకున్నాడు.

టెగ్వెన్ కుడిగోడకు భుజం రాసుకుంటూ లోపలికి నడిచింది. ఈ గూట్లో ఆమె నిలబడి ఎన్నేళ్ళయిందో. బిళ్ళ గుమ్మం దగ్గరే కాబట్టి లోపలికి రావలసిన పని పడేది కాదు. ఈ ఆటలో ఆమె చోటు ఎప్పుడూ కిందనే. పిల్ల పక్కన వంగి చీలికలోంచి చూసింది. ఎంతో దిగువన తన ఇల్లు, వంటింటి కిటికీ, అందులో రేడియో మీదికి వాలిన ఇడ్వాల్ బట్టతల. ఏడాదిన్నరగా ఎంతమంది పిల్లలు ఈ సున్నప్పొడి కింద నిలబడి ఆ కిటికీకేసి చూశారు? ఆమె వాళ్ళకు తువ్వాలు ఊపింది. ఒక్కోసారి, చేతిలో పిండి ఉంటే, కడుక్కుని వచ్చి ఊపింది. అందాకా వాళ్ళు కదలకుండా నిలబడ్డారు.

"ఆంటీ లేదక్కడ," అంది నెస్టా ఫిర్యాదుగా.

"లేదు బంగారం. ఆంటీ ఇక్కడుంది."

"మరి తువ్వాలు?"

తువ్వాలు భుజం మీదే ఉంది. టెగ్వెన్ దాన్ని తీసి చీలికలోంచి బయటికి చాపింది. కొండగాలికి ఎర్రగళ్ళు టపటప కొట్టుకున్నాయి.

"అటునుంచి ఊపాలి," అంది నెస్టా.

"ఇవాళ ఇటునుంచే."

పిల్ల బాగా ఆలోచించింది. ఇంకో చిటికెడు పొడి రాలింది. టెగ్వెన్ తన అరచెయ్యి తెచ్చి పిల్ల తల మీద గొడుగులా పెట్టింది. పైనుంచి రాయే వస్తే ఆ చెయ్యి దేనికీ పనికిరాదని ఆమెకు తెలుసు.

"సరే," అంది నెస్టా.

కుడిపక్కనే నడిపించుకుంటూ బయటికి తెచ్చింది. హెలెద్ పిల్లను ఎత్తుకుని ఆవరణ మధ్యకు, ఏ గోడా అందనంత దూరం నడిచింది. రిడియన్ అక్కడే నిలబడ్డాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇంక నాటకం ఎందుకులెండి," అంది టెగ్వెన్. "మీరు ఆఫీసు నుంచి వచ్చారు. నాకు తెలుసు."

"ఏ ఆఫీసు?"

"పాత కట్టడాల ఆఫీసు. ఆ బూట్లు చూసినప్పుడే అనుకున్నా."

అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఇవా? జున్ను ఫ్యాక్టరీవండీ. నేను అక్కడ ల్యాబులో పనిచేస్తా. జున్నులో తేమెంత, ఉప్పెంత అని కొలుస్తా. తడవని బూట్లు ఇవొక్కటే ఉన్నాయి నాకు."

"ఆ నారింజ చొక్కా?"

"అక్కడ లారీలు తిరుగుతాయి కదా. తొడుక్కోకపోతే లోపలికి రానివ్వరు."

"కార్డు సంగతి?"

"మాకు ఫ్రిజ్జు ఫ్రిజ్జుకీ ఒక కార్డు ఉంటుంది. ఎక్కడ కొలత ఉంటే అక్కడ కార్డు ఉంటుంది."

"మరి వచ్చీ రాగానే గోడకేసి ఎందుకు చూశారు? అందరూ లోయ చూస్తారు."

అతనికి ఆ ప్రశ్న కొంచెం సిగ్గుగా అనిపించినట్టుంది. "పాప పుట్టినప్పట్నుంచి అంతే. ఎక్కడికెళ్ళినా, దీని మీద ఏం పడుతుంది, ఇది ఎక్కడ పడుతుంది అని చూస్తా ముందు. లోయలూ అవీ తర్వాత హెలెద్ ఫోటోల్లో చూస్తా."

ఆఫీసువాడు కాడు. టెగ్వెన్ ఊపిరి పీల్చుకోవలసిన మాటే అది. కాని ఊపిరి రాలేదు. ఏడాదిన్నరగా ఎవరో వస్తారని, తీగ తొలగిస్తారని, కార్డు అడుగుతారని ప్రతి బూటునూ అనుమానించింది. వచ్చేవాడు ఎవడూ లేడు. ఆ పగులును చూసే కళ్ళు లోకం మొత్తంలో రెండే ఉన్నాయి, ఆ రెండూ ఆమెవే.

"మీరే చెప్పారు మా పాపకి," అన్నాడు రిడియన్. గొంతు పెంచలేదు. "కిటికీ దగ్గరికి వెళ్ళమని. కదలొద్దని."

"చెప్పాను."

"తెలిసే చెప్పారా?"

"నోటికొచ్చేసింది బాబూ. తెలిసే నోటికొచ్చిందో, తెలియకో, నేను చెప్పలేను."

కొండ దిగేటప్పుడు నెస్టా ఒక్కతే మాట్లాడింది. ఆంటీ తువ్వాలు తప్పు వైపునుంచి ఊపిందని తల్లికి దారిపొడుగునా చెబుతూనే ఉంది. వంటింట్లో రిడియన్ పక్క గడిలో టైం వేసి, మేకు మీది కారు తాళం తీసుకున్నాడు.

"ఆఫీసుకి మీరు ఫోను చేస్తారా? నన్ను చెయ్యమంటారా?"

"నేనే చేస్తాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీరు వెళ్ళండి."

అతను వెళ్ళాడు, కారు దాకా. కారెక్కలేదు. తలుపు మీద చెయ్యి వేసి, వంటింటి కిటికీలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇంతసేపూ ఆమె అతన్ని చూసినట్టే ఇప్పుడు అతను ఆమెను చూస్తున్నాడు. టెగ్వెన్ ఫోను ఎత్తి, సెలవురోజుల నంబరు తిప్పి, అతనికి కనిపించేలా కిటికీ దగ్గర నిలబడి మాట్లాడింది. నాలుగు, అంది. అవును, జూన్‌లోనే. లేదు, ఇవాళే కాదు. ఆమె ఫోను పెట్టేసిన తర్వాతే కారు కదిలింది.

ఇడ్వాల్ రేడియో ఎప్పుడు ఆపాడో ఆమె గమనించలేదు.

"పైనుంచి తువ్వాలు కనిపించింది," అన్నాడు. "ఇది తలకిందులైందే, ఏదో జరిగిందనుకున్నా."

"నీకు తెలుసా?"

"ఏం తెలుసు నాకు. ఇదివరకు ఒకటో తేదీ కొండెక్కితే కళ్ళజోడు పెట్టుకెళ్ళేదానివి. ఏడాది పైనుంచి ఎక్కువసార్లు బల్ల మీదే వదిలేసి వెళ్తున్నావు. కళ్ళజోడు లేకుండా మిల్లీమీటర్లు చదివే ఆడమనిషిని నేను చేసుకోలేదే అనుకున్నా."

"మరి అడగొచ్చు కదా."

"అడిగితే తాళంచెవి పోతుంది కదే," అన్నాడు ఇడ్వాల్. "పోతే నువ్వెలా ఉంటావో నాకు తెలీదు. అందుకని రేడియో విన్నా."

ఆమె నీలం పళ్ళెం వెనకనుంచి కార్డు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, జూన్ ఒకటి ఎదురుగా నాలుగు అని వేసింది. పై అంకెలు దిద్దుదామనుకుంది. ఏ నెల ఎంతో నిజంగా గుర్తులేదు. గుర్తులేనిది రాస్తే అది ఇంకో అబద్ధం. కింద మార్జినులో రాసింది: పోయిన ఏడాది జనవరి నుంచి పైన వేసినవి నమ్మవద్దు. టి.పి.

మధ్యాహ్నం ఒక కారు, నాలుగింటికి ఇంకో కారు వచ్చాయి. రెండింటినీ గడపలోంచే తిప్పి పంపింది. రెండో దాంట్లో ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ళ కాళ్ళు చూడలేదు.

సోమవారం పొద్దున ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ తలుపు తట్టారు. తడిసిన గుడ్డబూట్లు, చేతిలో టీ ఫ్లాస్కు.

"కోట మూసేశామండీ," అంది టెగ్వెన్. "బురుజు పగిలింది. పిల్లల్ని కూడా తీసుకురావద్దు."

"తెలుసండీ," అంది ఆడమనిషి. "మీరే కదా ఫోను చేసింది. మేం ఆఫీసు నుంచి వచ్చాం."

టెగ్వెన్ ఆ గుడ్డబూట్లను ఇంకోసారి చూసింది. ముప్పయ్యొక్కేళ్ళ శాస్త్రం.

ఇద్దరూ పైకి వెళ్ళి రెండు గంటలుండి వచ్చారు. కేకలెయ్యలేదు. ఆడమనిషి కార్డు అడిగి తీసుకుంది. మార్జినులో రాసింది ఒకసారి చదివి, తలెత్తి టెగ్వెన్‌ను చూసి, మళ్ళీ చదివి, కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. గూడు కమాను కింద కర్రలు నిలబెట్టాలంది. కంచె వెయ్యాలంది. తర్వాత, ఆ మాట దగ్గర కాస్త ఆగి, "తాళంచెవి కూడా మేం తీసుకెళ్ళాలండీ," అంది.

"పుస్తకంలో పేరు రాయండి," అంది టెగ్వెన్.

ఆడమనిషి రాసింది.

"టైం."

టైం కూడా వేసింది.

"మీ కారు తాళం ఆ మేకుకి తగిలించండి."

ఆఫీసువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బల్ల దగ్గర ఇడ్వాల్ దగ్గు ఆపుకుంటున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మేం దీన్ని తిరిగి ఇచ్చేదెప్పుడో మాకే తెలీదండీ," అంది ఆడమనిషి మెల్లగా. "ఏడాది పడుతుందో, రెండేళ్ళో. ఇవ్వనిస్తారో లేదో కూడా చెప్పలేను. జరిగింది అలాంటిది."

"తెలుసమ్మా. నేనైతే ఇవ్వను," అంది టెగ్వెన్. తాళంచెవిని మేకు మీదినుంచి తీసి, అలవాటు కొద్దీ తువ్వాలుతో ఒకసారి తుడిచి, ఆమె రెండు చేతుల్లో పెట్టింది. "కారు తాళం ఉంచుకోండి. ఆ పక్క గడి మాత్రం అలా ఖాళీగా వదిలెయ్యండి."

వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"రేపట్నుంచి నిన్నేమని పిలుస్తారో ఈ ఊరివాళ్ళు," అన్నాడు ఇడ్వాల్.

"గ్లెనిస్‌ని ఏమంటున్నారో నన్నూ అదే అంటారు."

లోపలికి వచ్చి మేకుకు తువ్వాలు తగిలించింది. పుస్తకం మూయబోయి ఆగింది. దారానికి కట్టిన పెన్సిలును ఆ ఖాళీ గడి మీద ఆనించి, అలాగే తెరిచి ఉంచి, పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.